తాత గుండె గోలీ మనవడి జ్వరానికి పనికిరాదు

అమీర్‌పేట (హైదరాబాద్), (మా గ్రామీణ విలేకరి):

సంగారెడ్డి, పటాన్‌చెరు దారి పట్టి పట్నం వచ్చే మన జిల్లా ప్రజలకు అమీర్‌పేట, పంజాగుట్ట కొత్త చోట్లు కావు. పిల్లల చదువు కోసం అమీర్‌పేట, పెద్దల రోగాల కోసం పంజాగుట్ట అన్నట్లుగా ఉంది వ్యవహారం. పంజాగుట్టలోని నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రి. అందుకే పాతకాలం వాళ్లు ఇప్పటికీ దానిని బొక్కల దవాఖానా అనే అంటారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చిన తర్వాత గుండె జబ్బు పట్టిన కూలీనాలీ జనం సైతం పెద్దాస్పత్రుల మెట్లెక్కి, స్టెంటు వేయించుకుని, నడుచుకుంటూ ఇల్లు చేరుతున్నారు. ఇది ఎంతైనా సంతోషించదగిన విషయం.

అలా ఇల్లు చేరేవారి చేతి సంచిలో ఒక చిన్న గోలీ ఉంటుంది. పేరు ఆస్పిరిన్. 75 మిల్లీగ్రాములదో, 150దో. రక్తం గడ్డకట్టకుండా, వేసిన స్టెంటు మూసుకుపోకుండా కాపాడే మందు అది. పెద్దాయన దానిని రోజూ వేసుకోవాల్సిందే, డాక్టరు చెప్పనిదే మానరాదు. ఇంతవరకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ గోలీ ఇంటి గూట్లో చేరిన తర్వాత వస్తోంది. వానాకాలం రాత్రి మనవడికి ఒళ్లు కాలిపోతుంటుంది. బస్సు ఉండదు, డాక్టరు దొరకడు. ‘పట్నంలో పెద్ద డాక్టరు రాసిన గోలీ, జ్వరానికి కూడా పనిచేస్తుందట, చిన్నదే గదా’ అని సగం విరిచి పాలలో కలిపి పట్టించేవాళ్లు పల్లెల్లో లేకపోలేదు.

ఆ గోలీ జ్వరం తగ్గిస్తుందన్నది అబద్ధం కాదు. నిజం కాబట్టే ప్రమాదం. వైరస్ వల్ల వచ్చిన జ్వరంలో, ముఖ్యంగా ఫ్లూ జ్వరంలోను, ఆటలమ్మ పోసినప్పుడు, ఆస్పిరిన్ తీసుకున్న పిల్లల్లో కొద్దిమందికి ‘రేస్ సిండ్రోమ్’ అనే మహమ్మారి జబ్బు పట్టుకుంటుంది. కాలేయం చెడుతుంది, మెదడు వాస్తుంది, రోజుల వ్యవధిలో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పదహారేళ్ల లోపు పిల్లలకు జ్వరానికి గాని, ఒంటినొప్పులకు గాని డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్ ఇవ్వరాదని వైద్యశాస్త్రం ఏనాడో తేల్చింది. ఈ సంగతి పంజాగుట్టలో డాక్టర్లందరికీ తెలుసు. మన ఊరి కిరాణా కొట్టుకు మాత్రం చేరలేదు.

పేరు మారిన పాత చుట్టం

ఆస్పిరిన్ మన ఇళ్లకు కొత్తగా వచ్చిన మందు కాదు. యాభై అరవై ఏళ్లు దాటిన వారికి ఏ.పి.సి. గోలీ గుర్తుండే ఉంటుంది. సర్కారు దవాఖానాలో ఏ రోగమని వెళ్లినా కాగితం ముక్కలో చుట్టి చేతిలో పెట్టిన తెల్ల గోలీ అది. అందులో ‘ఏ’ అంటే ఆస్పిరినే. ‘పి’ అంటే ఫెనాసిటిన్. మూత్రపిండాలను చెడగొడుతుందని దానిని 1983లో మన దేశంలో నిషేధించారు. దానితో ఏ.పి.సి. గోలీ కనుమరుగైంది గాని, ‘ఏ’ మిగిలి ఉంది. నీళ్లలో వేస్తే బుసబుసమని కరిగే డిస్ప్రిన్ ఆస్పిరినే. గుండె జబ్బు వారికి రాసే ఎకోస్ప్రిన్ కూడా ఆస్పిరినే. కొన్ని గుండె మందుల్లో ఆస్పిరిన్‌ను మరో మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా చేస్తారు. పైన ఇంకేదో పేరు ఉంటుంది. కొన్ని పట్టీల మీద ఆస్పిరిన్ అని కాకుండా ‘అసిటైల్ శాలిసిలిక్ ఆసిడ్’ అని రాసి ఉంటుంది. రెండూ ఒకటే.

ఈ అక్షరాలు కూడా చీమ తలకాయంత ఇంగ్లీషులో ఉంటాయి. పైగా దుకాణదారు పట్టీని కత్తెరతో రెండేసి గోలీలుగా కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క దుకాణంలోనే మిగిలిపోతుంది. చదువుకున్న వాడు ఇంట్లో ఉన్నా చదవడానికి అక్కడ ఏమీ ఉండదు.

జ్వరం తగ్గాక మొదలయ్యే జబ్బు

ఈ జబ్బును మొదట వర్ణించినవాడు ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు పిల్లల ఆస్పత్రిలో పనిచేసిన డగ్లస్ రే అనే వైద్యుడు. 1963లో ఆయన 21 మంది పిల్లల వివరాలు ప్రకటించారు. వారిలో 17 మంది మరణించారు. అందరిదీ ఒకే తంతు. ముందు మామూలు జలుబు, జ్వరం. తర్వాత ఆగని వాంతులు, మూర్ఛ, స్పృహ తప్పడం. శవపరీక్షలో చూస్తే మెదడు ఉబ్బి ఉంది, కాలేయం కొవ్వు పట్టి పాలిపోయి ఉంది. కారణం ఏమిటో అప్పటికి తెలియలేదు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది.

ఈ జబ్బు మోసమంతా అది వచ్చే వేళలో ఉంది. జ్వరం మొదలైన మూడు నుంచి అయిదు రోజులకు, పిల్లవాడు తేరుకుంటున్నాడు, రేపు బడికి పోతాడు అనుకునే సమయంలో వాంతులు పట్టుకుంటాయి. తిన్నది అరగలేదేమో అనుకుంటారు. తర్వాత మగత. పిలిస్తే పలకడు, పలికితే పొంతన లేని మాటలు. కొందరు పిల్లలు కన్నతల్లిని గుర్తుపట్టక కొట్టడం, కొరకడం చేస్తారు. సరిగ్గా ఇక్కడే మన పల్లెల్లో విలువైన సమయం పోతోంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికో, నిమ్మకాయలు తిప్పించడానికో రాత్రికి రాత్రి మరో ఊరికి తీసుకువెళ్తారు. తెల్లవారేసరికి పిల్లవాడికి ఫిట్స్ వస్తాయి. రెండేళ్ల లోపు పసివాళ్లలో ఆ వాంతులు కూడా కనిపించకపోవచ్చు. విరేచనాలు, ఎగశ్వాస మాత్రమే ఉంటాయి.

లోపల జరిగేది ఇది. ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే సూక్ష్మ యంత్రాలు దెబ్బతింటాయి. కాలేయం తన పని మానేస్తుంది. అది శుభ్రం చేయాల్సిన అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడుకు ఎక్కుతుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. కాలేయం చెడింది గదా, కళ్లు పచ్చబడతాయని ఎదురుచూస్తే పొరపాటు. ఈ జబ్బులో కామెర్లు సాధారణంగా కనిపించవు. దీనికి విరుగుడు మందు అంటూ ఏదీ లేదు. గ్లూకోజు ఎక్కించి, మెదడు వాపు తగ్గించి, ఊపిరి నిలబెట్టి, శరీరం తనంతట తాను కోలుకునే దాకా కాపాడటమే వైద్యం. ఎంత తొందరగా చేరిస్తే అంత ఆశ.

పుట్టుకతోనే ఒంట్లో కొవ్వును అరిగించుకునే శక్తి లోపించిన పిల్లలకు కూడా అచ్చు ఇలాంటి లక్షణాలే వస్తాయి. ఒకప్పుడు రేస్ సిండ్రోమ్ అని రాసుకున్న కేసుల్లో కొన్ని నిజానికి అవేనని తర్వాత తేలింది. కాబట్టి వాంతులు, మగత కనిపించిన ప్రతి పిల్లవాడికీ ఆస్పిరినే కారణమని కూడా అనరాదు.

మెదడు జ్వరమన్న ఒకే మాటలో

మన ప్రాంత ప్రజలు 2003 వేసవి చివరను మరచిపోలేదు. జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ప్రధానంగా వరంగల్, కరీంనగర్ తదితర తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు పొద్దున జ్వరంతో పడి మర్నాటికి కన్నుమూశారు. 329 మందికి సోకగా 183 మంది మరణించారు. పుణె వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది చాందీపుర వైరస్ పని అని తేల్చారు. మహారాష్ట్రలోని చాందీపుర గ్రామంలో 1965లో మొదట దొరికిన ఈ వైరస్‌ను ఇసుక ఈగలు మోస్తాయి. 2024లో గుజరాత్‌లో కూడా ఇదే విజృంభించింది.

ఆ వ్యాధి వేరు, రేస్ సిండ్రోమ్ వేరు. 2003 మరణాలు ఆస్పిరిన్ వల్ల జరిగినవని ఎవరూ అనలేరు. కాని గుడిసెలో చాప మీద పడుకోబెట్టిన బిడ్డను చూసే తల్లికి రెండూ ఒకేలా ఉంటాయి. జ్వరం, వాంతి, ఫిట్స్, మూర్ఛ. ఊరి భాషలో అన్నిటికీ పేరు మెదడు జ్వరమే. తేడా తెలియాలంటే రక్తంలో అమ్మోనియా, చక్కెర, కాలేయ పరీక్షలు చేయాలి. వాటికంటే ముందు ‘జ్వరానికి ఏ గోలీ వేశారు?’ అన్న ప్రశ్నకు జవాబు కావాలి. ఆ ప్రశ్నకు మన వాళ్ల దగ్గర తరచుగా ఉండే జవాబు ‘తెల్ల గోలీ’ అని. ఈగను దోమను మనం అదుపు చేయలేకపోవచ్చు. గూట్లో గోలీ మన చేతిలోనిది.

ఒక్క చీటీతో ఆగింది

అమెరికాలో 1979 నవంబరు నుంచి 1980 నవంబరు వరకు ఏడాదిలో 555 మంది పిల్లలకు ఈ జబ్బు సోకినట్లు లెక్క తేలింది. అదే 1980లో ఆస్పిరిన్ మీద అనుమానం బలపడింది. జబ్బు పడిన పిల్లల్లో దాదాపు అందరూ ఆస్పిరిన్ తీసుకున్నవారే కాగా, అదే జ్వరం వచ్చినా జబ్బు పడని పిల్లల్లో అంతమంది తీసుకోలేదని పరిశీలనలు చూపాయి. 1982లో ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి తల్లిదండ్రులను హెచ్చరించారు. సీసా మీద హెచ్చరిక ముద్రించాలంటే మాత్రం కంపెనీల అభ్యంతరాలు దాటుకుని 1986 దాకా పట్టింది. అదే ఏడాది బ్రిటన్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదని నిర్ణయించి, పిల్లల ఆస్పిరిన్‌ను దుకాణాల నుంచే తీసివేశారు. 2002లో ఆ వయసును పదహారుకు పెంచారు.

ఫలితం ఏమిటి? 1994 తర్వాత అమెరికా మొత్తం మీద ఏడాదికి రెండు కేసులకు మించి రాలేదు. కొత్త టీకా కనిపెట్టలేదు, కొత్త ఆస్పత్రులు కట్టలేదు. పిల్లలకు ఇవ్వవద్దన్న మాట ప్రతి తల్లి చెవిన పడింది, అంతే. 1981 నుంచి 1997 వరకు అక్కడ నమోదైన 1207 మందిలో మూడోవంతుకు దగ్గరగా, అంటే నూటికి 31 మంది, మరణించారు. ఒక గోలీ మింగిన ప్రతి పిల్లవాడికీ ఇది వస్తుందని కాదు. లక్షల మంది మింగి బతికినవారే. ఇది అరుదైన జబ్బు. కాని అదే ధరకు, అదే దుకాణంలో పారాసిటమాల్ దొరుకుతుండగా, అరుదైన చావునైనా కోరి తెచ్చుకోవడం దేనికి?

వెయ్యి జనాభా ఊరికి ఒక నిబంధన

ఇక్కడ మన పాఠకులలో చాలామందికి తెలియని చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మన దేశపు 1945 నాటి ఔషధ నిబంధనల్లో ‘కె’ షెడ్యూలు అని ఉంది. జనాభా వెయ్యికి మించని గ్రామాల్లో లైసెన్సు లేకుండానే అమ్ముకోదగిన ఇంటి మందుల జాబితా అందులో ఇచ్చారు. ఆముదం, గ్రైప్ వాటర్, టింక్చర్ అయోడిన్, నొప్పి బాములు, పారాసిటమాల్ గోలీలు. వాటి సరసనే ఆస్పిరిన్ గోలీలు కూడా ఉన్నాయి!

డాక్టరు గాని, లైసెన్సున్న మందుల దుకాణం గాని లేని చిన్న ఊళ్లకు ఇబ్బంది కలగరాదన్న మంచి ఉద్దేశంతోనే ఈ మినహాయింపు పెట్టారు. ఆస్పిరిన్ అంటే అందరికీ క్షేమమైన ఇంటి మందు అన్న కాలపు ఆలోచన అది. నిజానికి అడిగి చెప్పించుకునే డాక్టరు లేని ఊళ్లోనే ఆ గోలీ ప్రమాదం ఎక్కువ. పెద్ద ఊరికి ఒక నీతి, చిన్న తండాకు ఒక నీతి అన్నట్లుంది ఇది. మరో షరతు కూడా ఉంది. కంపెనీ సీలు వేసిన ప్యాకింగు విప్పకుండా అమ్మాలి. కత్తెరతో కత్తిరించి రెండు గోలీలు అమ్మడం ఆ షరతుకు విరుద్ధం. జనాభా వెయ్యి దాటిన గ్రామాల్లోనైతే కిరాణా కొట్టుకు ఈ మినహాయింపే వర్తించదు. ఈ మాట ఎన్ని ఊళ్లలో పాటిస్తున్నారో పాఠకులే తమ వీధి చివరి కొట్టు చూసి చెప్పగలరు.

రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ ప్రధాన కార్యాలయం అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, వెంగళరావునగర్‌లో ఉంది. షెడ్యూలు మార్చే అధికారం ఢిల్లీలోని కేంద్ర ఆరోగ్య శాఖది కాబట్టి దానికి ఈ శాఖను తప్పుపట్టి లాభం లేదు. కాని దుకాణాలను తనిఖీ చేయడం, ‘జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు’ అన్న నాలుగు మాటలను తెలుగులో రాయించి ప్రతి మందుల దుకాణంలో, ప్రతి అంగన్‌వాడీ గోడ మీద అతికించడం ఈ శాఖా, ఆరోగ్య శాఖా తలచుకుంటే చేయగలిగినవే. పోలియో చుక్కల గురించి గోడ మీద రాయని ఊరు ఉందా? పిల్లలకు నిమెసులైడ్ ఇవ్వరాదని కేంద్రం 2011లో పన్నెండేళ్ల లోపు వారికి నిషేధించింది. ఆస్పిరిన్‌ను ఇంటి మందుల జాబితా నుంచి తొలగించడం, లేదా కనీసం పట్టీ మీద ప్రాంతీయ భాషలో హెచ్చరిక ముద్రించడం అంతకంటే కష్టమైన పని కాదు. ఎం.పి.లు, ఎమ్మెల్యేలు ఈ విషయం పట్టించుకోవాలి.

హాస్టలు గదుల్లో పెద్ద పిల్లలు

అమీర్‌పేట సంగతి మరోటి. మైత్రీవనం చుట్టుపక్కల, ఎస్.ఆర్.నగర్, బల్కంపేట సందుల్లో హాస్టళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక గదిలో నలుగురైదుగురు. వారిలో ఇంటర్ చదివే పదహారు, పదిహేడేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. ఒకడికి ఫ్లూ వస్తే గదంతా దగ్గే. తల్లి పక్కన లేదు, క్లాసు పోతుందన్న భయం. తలనొప్పి, జ్వరం అని కింద దుకాణంలో అడిగి ఏదో ఒకటి మింగి క్లాసుకు పరుగెత్తుతారు. పదహారు నిండగానే ప్రమాదం గీత గీసినట్లు ఆగిపోదు. అమెరికాలో పద్దెనిమిదేళ్ల లోపు వారందరి విషయంలో జాగ్రత్త పడమంటారు. ఊరి నుంచి వారానికోసారి ఫోను చేసి డబ్బు సరిపోయిందా అని అడిగే తండ్రులు, జ్వరమొస్తే ఏం వేసుకుంటున్నావని కూడా అడగాలి.

ఆటలమ్మ విషయంలో మన పెద్దల పద్ధతి ఒకటి ఉంది. అమ్మవారు పోసిందంటే వేపమండలు పరచి, మందూమాకూ ముట్టకుండా ఉంచుతారు. వైద్యం మాన్పించడం మంచిదని ఈ విలేకరి అనడం లేదు. చీము పట్టినా, ఆయాసం వచ్చినా దవాఖానాకు తీసుకువెళ్లక తప్పదు. కాని ఆటలమ్మలో ఆస్పిరిన్ పడకుండా మాత్రం ఆ కట్టుబాటు తెలియకుండానే అడ్డుపడింది. ఇప్పుడు కట్టుబాటు సడలింది, గోలీ సులువైంది, హెచ్చరిక మాత్రం రాలేదు. ఆటలమ్మ ఎక్కువగా మాఘం నుంచి చైత్రం వరకు తిరుగుతుంది. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి మన ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో బయలుదేరే రోజులకు వాన జ్వరాలు మొదలవుతాయి. రెండు కాలాల్లోనూ జాగ్రత్త అవసరమే.

మరి జ్వరమొస్తే

పారాసిటమాల్ వేయాలి. అదీ తూకం చూసి. పిల్ల బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక విడతకు చాలు. విడతకూ విడతకూ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి, రోజుకు నాలుగు సార్లు మించరాదు. ఇక్కడ జనం పప్పులో కాలేసేది సీసా దగ్గర. ఒకే పేరుతో రెండు రకాల సిరప్పులు దొరుకుతాయి. ఒకదానిలో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, మరోదానిలో 250. పది కిలోల బిడ్డకు మొదటిది నాలుగు నుంచి ఆరు మిల్లీలీటర్లు. రెండోదైతే రెండు నుంచి మూడు మాత్రమే. పసివాళ్ల చుక్కల మందు ఇంకా చిక్కన. పారాసిటమాల్ మితిమీరినా కాలేయం చెడుతుంది కనుక సీసా మీది అంకె చదివించుకోవాలి, మూతతో వచ్చే కొలతతోనే పోయాలి, ఇంటి చెంచాతో కాదు. మూడు నెలల లోపు పసికందుకు జ్వరమొస్తే ఇంట్లో మందే వద్దు, డాక్టరు దగ్గరికే. వానాకాలంలో మరో కారణం కూడా ఉంది. అది డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రెండూ రక్తస్రావానికి దారితీస్తాయి. ఆ హెచ్చరిక పిల్లలకే కాదు, పెద్దలకూ.

కొందరు పిల్లలకు డాక్టర్లే ఆస్పిరిన్ రాస్తారు. కీళ్ల వాతజ్వరం, కవసాకి అనే జబ్బు, గుండె ఆపరేషన్ అయినవారు ఈ కోవలోకి వస్తారు. వారు ఈ వార్త చదివి మందు మానేయరాదు. ఫ్లూ గాని, ఆటలమ్మ గాని సోకినా, పక్కింట్లో సోకినా వెంటనే ఆ డాక్టరుకు తెలపాలి. ఫ్లూ, ఆటలమ్మ టీకాల గురించి ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

జ్వరం తగ్గుముఖం పట్టిన పిల్లవాడికి మళ్లీ మళ్లీ వాంతులై, మగతగా ఉంటే తెల్లవారే దాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి దగ్గరలోని సర్కారు దవాఖానాకు చేర్చి, రక్తంలో చక్కెర చూపించి గ్లూకోజు పెట్టించిన తర్వాతే పట్నం బయలుదేరాలి. పట్నంలో పిల్లలకు నిలోఫర్ ఉంది, పంజాగుట్ట దాటి లక్డీకాపూల్ దగ్గర. బయలుదేరే ముందు ఇంట్లో ఆ వారంలో వాడిన పట్టీలు, సీసాలు, ఖాళీవైనా సరే, అన్నీ ఒక సంచిలో వేసుకోండి. తాత గోలీల పట్టీ కూడా. ఆర్.ఎం.పి. విడి గోలీలు ఇచ్చి ఉంటే ఆయనకు ఫోను చేసి వాటి పేర్లు రాసుకోండి. డాక్టరు అడగకపోయినా ఆ సంచిని బల్ల మీద పెట్టి, ఏ రోజు ఏ పూట ఏది వేశారో చెప్పండి.